దవడ పన్నుకు ఇంప్లాంట్: కుర్చీలో ఆ గంట, ఇంట్లో ఆ వారం ఎలా ఉంటాయి?

గోదావరి మాస్టారు (రాజమహేంద్రవరం) · జనవరి 18, రాత్రి 8.40

అందరికీ నమస్కారం. నా వయసు 61. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. కింది వరసలో ఎడమవైపు పెద్ద దవడ పన్ను రెండేళ్ళ కిందట పీకించుకున్నాను. ఆ ఖాళీతోనే రోజులు నెట్టుకొస్తుంటే, పక్క పన్ను అటువైపు ఒరగడం మొదలైందని డాక్టరు గారు ఎక్సరేలో చూపించారు. వచ్చే గురువారం ఉదయం పదిన్నరకు ఇంప్లాంట్ వేస్తామన్నారు. అంటే పన్ను పోయిన చోట దవడ ఎముకలో టైటానియం అనే లోహపు స్క్రూ దించి, అది ఎముకకు అతుక్కున్నాక పైన పన్ను ఆకారపు క్యాప్ బిగిస్తారట.

ఖర్చు సంగతి, ఏ కంపెనీది మంచిదన్న సంగతి తేలిపోయాయి. నాకు కావలసింది ఒక్కటే. కుర్చీలో పడుకున్న క్షణం నుంచి నాకు ఏమేమి తెలుస్తుంది? పన్ను పీకించుకున్న రోజున మత్తు సరిగా ఎక్కలేదు. ఆ పోటు ఇంకా గుర్తుంది. ఇప్పుడేమో ఎముకకే రంధ్రం చేస్తారట. మేకు దిగేటప్పుడు గోడకు ఎలా ఉంటుందో గోడే చెప్పాలి. ఇక్కడ అనుభవమున్న గోడలు ఎవరైనా ఉంటే చెప్పండి. "ఏమీ ఉండదు, భయపడకండి" అన్న మాట మాత్రం వద్దు. అది మా ఇంట్లో ఉచితంగా దొరుకుతోంది.

పెసరట్టు ప్రియుడు (గుంటూరు) · జనవరి 18, రాత్రి 9.25

నేను గోడనే మాస్టారూ. రెండు మేకులు దిగాయి, రెండూ కింది దవడలోనే.

సూది గుచ్చినప్పుడు చీమ కుట్టినంత అంటారు. నాకైతే కందిరీగ కుట్టినంత అనిపించింది, కానీ పది సెకన్లే. తర్వాత పెదవి సగం వరకు ఎవరిదో అయిపోతుంది. అప్పుడు చిగురు కోశారట, నాకు తెలియలేదు. డ్రిల్లు మొదలుపెట్టాక నొప్పి లేదు గానీ చప్పుడు ఉంది చూడండి, అది చెవిలోంచి రాదు, పుర్రె లోపలి నుంచి వస్తుంది. పక్క వీధిలో బోరు వేస్తుంటే మన ఇంటి నేల అదిరినట్టు దవడ అదురుతుంది. నోట్లో నీళ్ళు చిమ్ముతూనే ఉంటారు, పక్కన గొట్టం వాటిని పీలుస్తూ ఉంటుంది. ముక్కుతో ఊపిరి పీల్చుకోవడం ముందే సాధన చేసుకుంటే మంచిది. నాకు ఇబ్బంది పెట్టింది ఆ నీళ్ళే, డ్రిల్లు కాదు.

చివర్లో స్క్రూను చేత్తో బిగిస్తారు. సైకిల్ షాపులో నట్టు బిగించినట్టు టక్ టక్ మంటుంది. దవడ మొత్తం ఎవరో కిందికి నొక్కుతున్నట్టు ఉంటుంది. అది నొప్పి కాదని తెలిసినా కాళ్ళ వేళ్ళు ముడుచుకున్నాయి. పన్ను పీకించుకున్నప్పటి పెనుగులాట ఇందులో లేదు. రెండింటిలో ఏది మళ్ళీ చేయించుకుంటావు అంటే ఆలోచించకుండా ఇదే అంటాను.

చిగురు డాక్టరు (హనుమకొండ) · జనవరి 18, రాత్రి 10.10

మాస్టారూ, నేను చిగుళ్ళ వైద్యం చేస్తాను. మీ కేసు చూడలేదు కాబట్టి మీ డాక్టరు గారి మాటే మీకు ఆఖరి మాట. మీ పాత భయానికి మాత్రం జవాబు ఉంది.

పన్ను పీకించుకున్న రోజున అక్కడ చీము పట్టి ఉండి ఉంటుంది. ఇన్ఫెక్షన్ ఉన్న చోట కణజాలం ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లంలో మత్తు మందు నరంలోకి సరిగా చొరలేదు. అందుకే "మత్తు ఎక్కలేదు" అన్న అనుభవం చాలామందికి పీకుడు రోజునే కలుగుతుంది. ఇప్పుడు అక్కడ రెండేళ్ళుగా మానిన చిగురు, మానిన ఎముక ఉన్నాయి. మందు బాగా పనిచేస్తుంది.

మత్తు మందులో కొంచెం అడ్రినలిన్ కలిపి ఉంటుంది. రక్తం ఎక్కువ కారకుండా, మత్తు ఎక్కువసేపు నిలిచేలా అది పనికొస్తుంది. సూది వేసిన ఒకటి రెండు నిమిషాలు గుండె దడదడలాడవచ్చు. భయం వల్ల అనుకుని మరింత భయపడకండి. నీళ్ళు చిమ్మడం కూడా ఊరికే కాదు. ఎముక 47 డిగ్రీల వేడి దగ్గర ఒక్క నిమిషం ఉన్నా దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే చల్లని సెలైన్ చిమ్ముతూ, నెమ్మదిగా, సన్నని డ్రిల్లుతో మొదలుపెట్టి ఒక్కొక్క సైజే పెంచుకుంటూ పోతాం. మా తొందర మీ ఎముకకు పనికిరాదు.

ఎడమ చెయ్యి ఎత్తితే ఆపాలని ముందే ఒప్పందం చేసుకోండి. చాలామంది మర్యాదకు పోయి భరిస్తారు. ఒత్తిడి, అదురు తెలియడం సహజం. పదునుగా గుచ్చినట్టు తెలిస్తే మాత్రం చెప్పాల్సిందే, ఇంకొంచెం మందు వేయడానికి అరనిమిషం పట్టదు.

ఇంకొకటి. బీపీ, షుగర్ మందులు, రక్తం పలచబడే మాత్రలు, ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే మాత్రలు గానీ ఏడాదికోసారి వేసే సూది గానీ తీసుకుంటుంటే, అన్నీ చెప్పండి. ఆ ఆఖరిదాన్ని పంటి డాక్టరుకు చెప్పాలని ఎవరికీ తోచదు. కానీ దవడ ఎముక మానడానికి దానితో నేరుగా సంబంధం ఉంది. రక్తం పలచబడే మాత్రలను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

గోదావరి మాస్టారు · జనవరి 18, రాత్రి 10.32

డాక్టర్ గారూ, ఆ చీము ముక్క రెండేళ్ళ కిందటే ఎవరైనా చెప్పి ఉంటే ఇన్నాళ్ళూ వాయిదా వేసేవాణ్ణి కాదు. బీపీ మాత్ర ఒక్కటే వాడుతున్నాను. ఆ రోజు ఖాళీ కడుపుతో వెళ్ళాలా?

కొత్తిమీర కట్ట (న్యూజెర్సీ) · జనవరి 19, ఉదయం 6.15

మాస్టారూ, నన్ను అర్ధరాత్రి నుంచి ఏమీ తినవద్దన్నారు. ఇక్కడ ఓరల్ సర్జన్ చేతి నరంలోకి మందు ఎక్కించారు. "వేసవి సెలవులకు ఎక్కడికి వెళ్తున్నారు" అని ఆయన అడిగారు. నేను "విజయవా" వరకు అన్నట్టు గుర్తు. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి నోట్లో గాజుగుడ్డ ఉంది. మా వారు చెప్పేదాని ప్రకారం ఇంటికి వచ్చే దారిలో రెండుసార్లు అదే ప్రశ్న అడిగానట. ఆ రోజంతా కారు నడపకూడదు, ఒంటరిగా ఉండకూడదు, సంతకాలు పెట్టే పనులు పెట్టుకోకూడదు అన్నారు.

చిగురు డాక్టరు · జనవరి 19, ఉదయం 7.50

ఇక్కడే తికమక పడతారు. ఆవిడకు ఇచ్చింది నిద్రమత్తు, దానికి ఖాళీ కడుపు తప్పనిసరి. మాస్టారికి వేసేది దవడకు సూది మాత్రమే. అలాంటప్పుడు తినే వెళ్ళాలి. ఖాళీ కడుపు, దానికి తోడు భయం ఉంటే కుర్చీలో కళ్ళు తిరుగుతాయి. శుభ్రంగా టిఫిను చేసి, బీపీ మాత్ర వేసుకుని వెళ్ళండి. మీకు ఏ మత్తు ఇస్తున్నారో మాత్రం ముందురోజు ఫోను చేసి అడిగి నిర్ధారించుకోండి.

తెనాలి పిన్ని · జనవరి 19, ఉదయం 11.05

మా ఆయనకు కిందటేడు చేయించాం. నేను వంటింటి సంగతి చెబుతాను. మొదటి రోజు చల్లారిన రాగి జావ, మజ్జిగ. రెండో రోజు మెత్తగా పిసికిన పెరుగన్నం, పాలలో నానిన ఇడ్లీ. మూడో రోజు నుంచి సొరకాయ, బీరకాయ మెత్తగా ఉడికించి పెట్టాను. వేడివేడిగా ఏదీ పెట్టలేదు. జావలో గొట్టం వేసుకుని తాగుతానన్నారు, డాక్టరమ్మ వద్దన్నారట, పీల్చితే గడ్డకట్టిన నెత్తురు ఊడి వస్తుందని. చెంచాతోనే తాగించాను. పప్పు మాత్రం పదిహేను రోజులు పెట్టలేదు. కుట్లు ఉన్నప్పుడు పప్పు తింటే చీము పడుతుంది కదా.

పెసరట్టు ప్రియుడు · జనవరి 19, ఉదయం 11.20

పిన్నిగారూ, నేను మూడో రోజే పప్పన్నం తిన్నాను. చీము రాలేదు. పత్యం పేరుతో పెద్దాయనను పదిహేను రోజులు పప్పుకు దూరం చేశారా!

తెనాలి పిన్ని · జనవరి 19, మధ్యాహ్నం 12.02

మీకు రాలేదు, సంతోషం. మా ఆయనకూ రాలేదు. పప్పు పెట్టలేదు కాబట్టే రాలేదేమో, ఎవరికి తెలుసు?

చిగురు డాక్టరు · జనవరి 19, మధ్యాహ్నం 2.15

పిన్నిగారి తర్కాన్ని ఓడించడం నా వల్ల కాదు. మాస్టారు లెక్కల వారు కాబట్టి ఆయనకే వదిలేస్తున్నాను. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, పప్పు వల్ల కాదు. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి. ఆ వయసులో నాలుగు రోజులు ఒట్టి జావతో గడిపితే నీరసం వస్తుంది. కందిపప్పు మెత్తగా ఉడికించి, ఎనిపి, గోరువెచ్చగా పెట్టండి. అయితే తాలింపు వద్దు. ఆవాలు, ఎండుమిర్చి గింజలు కుట్ల మధ్య ఇరుక్కుంటే తీయడం పెద్ద పని. నువ్వులు, గసగసాలు, టమాటా గింజలకూ అదే మాట. గోంగూర, వంకాయ అంటే కూడా భయపడనక్కరలేదు, కారం తగ్గిస్తే చాలు.

జావను గొట్టంతో పీల్చనివ్వని విషయంలో మాత్రం పిన్నిగారికి నూటికి నూరు మార్కులు.

రాత్రి ప్రయాణం (నిజామాబాద్) · జనవరి 20, రాత్రి 11.48

అందరూ బాగా జరిగిన సంగతులే చెబుతున్నారు. నాది ఊడిపోయింది. అది కూడా చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

సర్జరీ రోజు, ఆ తర్వాత వారం హాయిగా గడిచింది. మూడు రోజులు మాత్రలు, ఐసు, అంతే. పది రోజులకు కుట్లు విప్పారు. నొప్పి లేదు, వాపు లేదు. ఇక అయిపోయిందనుకున్నాను. నాకు సిగరెట్ అలవాటు. మొదటి వారం బలవంతాన మానేసినవాణ్ణి రెండో వారం మళ్ళీ మొదలుపెట్టాను. మూడో వారంలో మా ఊరి నుంచి సకినాలు వచ్చాయి. అవతలి వైపే నములుతున్నాననుకుంటూ తిన్నాను. నాలుక దేన్ని ఎటు తోస్తుందో ఎవరు చూస్తారు? రెండో నెలలో, క్యాప్ పెట్టేదాకా స్క్రూ పైన బిగించి ఉంచే చిన్న మూత కదులుతున్నట్టు అనిపించింది. వెళ్తే, మూత కాదు, స్క్రూయే కదులుతోందన్నారు. నొప్పి అసలు లేదు. వేళ్ళతో తిప్పి తీసేశారు, సూది కూడా అవసరం పడలేదు. నొప్పి ఉండి ఉంటే జాగ్రత్తగా ఉండేవాణ్ణేమో. హాయిగా ఉండడమే నా కొంప ముంచింది.

వేసిన చోట నాకు ఈ మాట ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఒక కాగితం ఇచ్చారు, అందులో ఉందట. నేను చదవలేదు, వాళ్ళు చదివించలేదు.

చిగురు డాక్టరు · జనవరి 21, ఉదయం 8.05

ఈ పోస్టును అందరూ రెండుసార్లు చదవాలి.

స్క్రూ బిగించిన రోజున అది గట్టిగానే ఉంటుంది. అది గోడలో మేకు గట్టిదనం, ఒట్టి బిగింపు. తర్వాత దాని చుట్టూ దెబ్బతిన్న పాత ఎముకను శరీరం కరిగిస్తుంది, కొత్త ఎముక టైటానియం మీదికి పాకుతుంది. పాత బిగింపు తగ్గి, కొత్త ఎముక ఇంకా గట్టిపడని సంధి కాలం సుమారుగా మూడు, నాలుగు వారాల దగ్గర వస్తుంది. అంటే మీకు అన్నిటికన్నా హాయిగా అనిపించే రోజుల్లోనే అది అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది. పైగా సిగరెట్ పొగ చిగురుకు రక్తం అందకుండా చేస్తుంది. గుట్కా, ఖైనీ, చుట్ట, ఏదైనా అంతే.

టైటానియానికి ఎముక అతుక్కుంటుందని స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే పరిశోధకుడు 1952లో కుందేళ్ళ మీద వేరే ప్రయోగం చేస్తూ గమనించారు. ఎముకలో పెట్టిన టైటానియం పరికరం తిరిగి ఊడి రాలేదు. 1965లో గోస్టా లార్సన్ అనే రోగికి మొదటిసారి పళ్ళ కోసం వేశారు. లార్సన్ 2006లో చనిపోయే వరకు అవి పనిచేశాయి. ఆ నలభై ఏళ్ళు మొదటి కొన్ని నెలల ఓపిక మీద నిలబడ్డాయి. కింది దవడకు సుమారు మూడు నెలలు, ఎముక మెత్తగా ఉండే పై దవడకు నాలుగు నుంచి ఆరు నెలలు.

గోదావరి మాస్టారు · జనవరి 21, సాయంత్రం 5.30

నిజామాబాద్ మిత్రమా, మీ ఓటమిని దాచుకోకుండా చెప్పారు. ధన్యవాదాలు. మా ఇంట్లో చక్కిలాల డబ్బా పై అరకు ఎక్కింది. నిచ్చెన లేనిదే అందదు.

గోదావరి మాస్టారు · జనవరి 25, మధ్యాహ్నం 1.20

నమస్కారం. నేను మాస్టారి భార్యను. ఆయన నోట్లో గాజుగుడ్డ పెట్టుకుని వేలితో చూపిస్తుంటే నేను రాస్తున్నాను. కాబట్టి ఇందులో కొంత ఆయనది, కొంత నాది.

పదిన్నర అన్నది పదకొండుకు మొదలై పన్నెండుకు ముందే ముగిసింది. ఆయన చూపిస్తున్నదేమిటంటే: సూది తెలిసింది, తర్వాత ఏమీ తెలియలేదు, టక్ టక్ మన్నప్పుడు పెసరట్టు గారు గుర్తొచ్చారు. గుండెదడ వచ్చింది, డాక్టరు గారు ముందే చెప్పారు కాబట్టి లెక్కపెట్టుకున్నారట, తొంభై సెకన్లలో తగ్గింది. ఎడమ చెయ్యి ఒకసారి ఎత్తారు, నొప్పికి కాదు, ఉమ్మి మింగడానికి. నేను చూసినదేమిటంటే: బయటికి వచ్చేటప్పుడు చొక్కా వీపంతా తడిసిపోయింది.

దవడ కీలు దగ్గర, చెవి ముందు, నొప్పిగా ఉందని చూపిస్తున్నారు. గంటసేపు నోరు తెరిచి ఉంచినందుకా?

చిగురు డాక్టరు · జనవరి 25, మధ్యాహ్నం 1.55

అమ్మా, అందుకే. రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. గాజుగుడ్డ ముప్పావు గంట గట్టిగా కొరికి పట్టుకుని ఉంటే ఇక తీసేయవచ్చు. ఉమ్మవద్దు, పుక్కిలించవద్దు. ఉమ్మి ఎర్రగా ఉంటే కంగారు వద్దు, చుక్క నెత్తురు నోరంతా ఎర్రగా చేస్తుంది. ఆగకుండా ధారగా వస్తే శుభ్రమైన గాజుగుడ్డ మడిచి మళ్ళీ కొరకమనండి, డాక్టరుకు ఫోను చేయండి.

నొప్పి మాత్ర ఇచ్చారు కదా? మత్తు దిగకముందే మొదటిది వేయండి. మత్తు దిగాక సలుపు మొదలైతే మాత్ర దాన్ని వెంటాడాల్సి వస్తుంది. ఐసును గుడ్డలో చుట్టి బుగ్గ మీద ఇరవై నిమిషాలు పెట్టడం, ఇరవై నిమిషాలు తీయడం. అదీ మెలకువగా ఉన్నంతసేపే. రాత్రి రెండు దిండ్లు వేసి తల ఎత్తుగా పడుకోబెట్టండి.

గోదావరి మాస్టారు · జనవరి 25, సాయంత్రం 5.40

మళ్ళీ నేనే. కింది పెదవికి ఇంకా స్పర్శ లేదంటున్నారు. ఐదు దాటింది. కాఫీ ఇస్తే గడ్డం మీదుగా కారిపోయింది, ఆయనకు తెలియనే లేదు. భయంగా ఉంది.

చిగురు డాక్టరు · జనవరి 25, సాయంత్రం 5.52

కింది దవడకు వేసే మత్తు పెదవిలో నాలుగైదు గంటలు నిలవడం మామూలే. మధ్యలో ఇంకో సూది వేసి ఉంటే ఇంకా ఆలస్యం కావచ్చు. కాఫీ, వేడి పదార్థాలు ఇప్పుడు వద్దే వద్దు. తెలియకుండా పెదవి కొరుక్కుంటారు, కాల్చుకుంటారు. రాత్రి పడుకునేలోపు చీమలు పాకినట్టు అనిపించడం మొదలవ్వాలి. మొదలవ్వకపోతే తెల్లవారే వరకు ఆగకుండా మీ డాక్టరుకు ఫోను చేయండి. స్క్రూ నరం మీద ఒత్తుతుంటే తొలి గంటల్లోనే వెనక్కి తీయాలి, అప్పుడే నరం కోలుకునే అవకాశం ఎక్కువ. స్కాన్ తీసి, నరానికి దూరం కొలిచి వేశారు కాబట్టి అలా జరగడం అరుదు. అరుదు కదా అని చెప్పకుండా ఉండలేను.

గోదావరి మాస్టారు · జనవరి 25, రాత్రి 7.18

చీమలు వచ్చాయి! ఇంత సంతోషంగా చీమల గురించి నేనెప్పుడూ రాయలేదు. పెదవి చివర మొదలై గడ్డం దాకా పాకుతున్నాయట.

తెనాలి పిన్ని · జనవరి 25, రాత్రి 7.30

హమ్మయ్య. జావ చల్లార్చి పెట్టమ్మా.

గోదావరి మాస్టారు · జనవరి 28, ఉదయం 6.45

స్వహస్తాలతో రాస్తున్నాను. మొదటి రాత్రి సలుపు ఉంది. పదికి కొలవమంటే నాలుగు అంటాను. మాత్రతో రెండుకు దిగింది. రెండో రోజు తేలిక. అందుకే ఈ ఉదయం అద్దంలో చూసుకుని జడుసుకున్నాను. మొన్నటికన్నా నేడు వాపు ఎక్కువ! బుగ్గలో లడ్డూ పెట్టుకున్నట్టు ఉంది. గడ్డం కింద చర్మం నీలంగా, అంచున పసుపుగా కమిలింది. మా మనవడు వీడియో కాల్‌లో చూసి తాతయ్య బదులు మా ఆవిడతో మాట్లాడతానన్నాడు. నొప్పి మాత్రం తగ్గుతోంది. తగ్గుతున్న నొప్పి, పెరుగుతున్న వాపు, ఈ రెండు గీతలూ ఒకే కాగితం మీద ఎలా ఇముడుతాయి?

చిగురు డాక్టరు · జనవరి 28, ఉదయం 8.20

ఇముడుతాయి మాస్టారూ. వాపు శిఖరం రెండు మూడు రోజుల మధ్యే వస్తుంది. మొదటి రోజు రాలేదు కదా అని ఊపిరి పీల్చుకున్నవాళ్ళే మూడో రోజు ఫోను చేస్తారు. రేపటి నుంచి దిగాలి. కమిలింది మెడ దాకా జారవచ్చు, భూమ్యాకర్షణ తప్ప వేరే జబ్బు కాదు. ఐసు పని అయిపోయింది, ఇప్పుడు పొడి గుడ్డతో గోరువెచ్చని కాపడం పెట్టుకోవచ్చు.

జ్వరం ఉందా? మింగడం కష్టంగా ఉందా? నోరు రెండు వేళ్ళ వెడల్పు తెరుచుకుంటోందా? నోట్లో చెడు రుచి, చీము ఏమైనా? నేను వెతికేవి అవి. మూడు నాలుగు రోజుల తర్వాత నొప్పి తగ్గకుండా కొత్తగా పెరిగితే, అప్పుడు ఆగకూడదు.

గోదావరి మాస్టారు · జనవరి 28, ఉదయం 8.41

జ్వరం లేదు. మింగుతున్నాను. నోరు రెండు వేళ్ళకు తెరుచుకుంటోంది, మూడో వేలికి ఒప్పుకోవడం లేదు. చెడు రుచి కాదు గానీ, పుక్కిలించమన్న ఆ గులాబీ రంగు మందు వాడినప్పటి నుంచి కాఫీకి తుప్పు పట్టిన రేకు రుచి వస్తోంది. సర్జరీలో ఇది పెద్ద నష్టం.

పెసరట్టు ప్రియుడు · జనవరి 28, ఉదయం 9.10

ఆ మందు క్లోర్‌హెక్సిడిన్ మాస్టారూ. నాకు ఉప్పు తెలియడమే మానేసింది, మా ఆవిడ వంటను మూడు రోజులు అనవసరంగా నిందించాను. ఆపేశాక రుచి తిరిగి వస్తుంది. కాఫీ, టీ ఎక్కువ తాగితే పళ్ళ మీద గోధుమరంగు మరకలు కూడా పడతాయి. అవి తర్వాత క్లీనింగ్‌లో పోతాయి.

కొత్తిమీర కట్ట · జనవరి 29, ఉదయం 5.50

మాస్టారి దారిని కాస్త పక్కకు తిప్పుతున్నాను, క్షమించాలి. నా రెండో ఇంప్లాంట్ హైదరాబాద్‌లో, మూడు వారాల సెలవులో వేయించుకున్నాను. పై దవడ, వెనక వైపు. ఎముక చాలక సైనస్ (పై దవడ మీద, ముక్కుతో కలిసి ఉండే గాలి గది) కింద ఎముక పొడి నింపారు. తిరుగు ప్రయాణానికి ఎనిమిది రోజులే ఉంది. విమానంలో చెవులు పట్టేస్తే ముక్కు మూసుకుని గాలి ఊదే అలవాటు నాది. అది చేయకూడదని, ముక్కు చీదకూడదని, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలని అన్నారు. ప్రయాణం వెనక్కి జరుపుకోమని కూడా అన్నారు, టికెట్ డబ్బులు చూసి నేను వినలేదు. పదిహేను గంటలు ఆ బుగ్గ లోపలి నుంచి ఎవరో గుద్దుతున్నట్టు ఉంది. ఏమీ కాలేదు, కానీ మళ్ళీ అయితే అలా చేయను.

అసలు తలనొప్పి తర్వాత వచ్చింది. ఇక్కడి డాక్టరు దగ్గర క్యాప్ పెట్టించుకుందామని వెళ్తే, ఏ కంపెనీ స్క్రూ, ఏ సైజు అని అడిగారు. నా దగ్గర బిల్లు తప్ప ఏమీ లేదు. ఒక్కో కంపెనీ స్క్రూకు లోపలి గాడి వేరు, వేరే వాళ్ళ భాగం పట్టదు. మా తమ్ముణ్ణి రెండుసార్లు పంపి, స్టిక్కరు ఫొటో తెప్పించుకోవడానికి నెల పట్టింది.

చిగురు డాక్టరు · జనవరి 29, ఉదయం 8.00

డబ్బా మీద ఉండే స్టిక్కరులో కంపెనీ, వ్యాసం, పొడవు, లాట్ నంబరు ఉంటాయి. దాన్ని కార్డు మీద అతికించి ఇవ్వమని అందరూ అడగాలి. ఊళ్ళోనే ఉన్నా అడగాలి.

గోదావరి మాస్టారు · ఫిబ్రవరి 4, సాయంత్రం 4.10

నిన్న కుట్లు విప్పారు. దారం జారినప్పుడు చక్కిలిగింతలా ఉంది, అంతే. ఆ మూడో వేలికి కూడా నోరు ఒప్పుకుంది. రాత్రి రెండు దిండ్లు తీసేశాను. ఇప్పుడు మిగిలిన అసౌకర్యం ఒక్కటే, ఆ చిన్న లోహపు మూత. నాలుక రోజుకు వెయ్యిసార్లు దాన్ని పలకరించి వస్తోంది. పదవీ విరమణ తర్వాత ఇంత పని నా ఒంట్లో ఏ అవయవమూ చేయలేదు.

గోదావరి మాస్టారు · ఫిబ్రవరి 17, రాత్రి 9.00

నాలుగో వారం మొదలైంది. నొప్పి లేదు, వాపు లేదు, జ్ఞాపకమే లేదు. ఈ రోజు పెళ్ళి భోజనంలో బూరె పక్కన అప్పడం వడ్డించారు. చెయ్యి అప్పడం మీదికి వెళ్ళింది. నిజామాబాద్ మిత్రుడు గుర్తొచ్చాడు. అప్పడాన్ని పప్పులో ముంచి గుజ్జు చేసి, కుడివైపుతో తిన్నాను. పక్క విస్తరి ఆయన నన్ను జాలిగా చూశాడు.

రాత్రి ప్రయాణం · ఫిబ్రవరి 17, రాత్రి 11.30

నాకు రెండోసారి వచ్చే నెల వేస్తారు. సిగరెట్ మానేసి 41 రోజులు.

గోదావరి మాస్టారు · మే 9, ఉదయం 10.25

నిన్న క్యాప్ బిగించారు. అచ్చు తీసిన రోజున గానీ, నిన్న గానీ సూది అవసరం పడలేదు. బిగించేటప్పుడు చిగురును కాస్త తోసినట్టు పది నిమిషాలు బిగుతుగా ఉంది. పై పంటికి, కింది పంటికి మధ్య నల్ల కాగితం పెట్టి కొరికించి, ఎత్తుగా ఉన్నచోట అరగదీశారు.

ఒక వింత చెప్పాలి. మామూలు పన్ను కొరికినప్పుడు మెత్తగా లోపలికి ఒదిగినట్టు తెలుస్తుంది. దీనికి ఆ ఒదుగు లేదు, బల్ల మీద గోరుతో కొట్టినట్టు ఉంది. అన్నంలో రాయి పడితే కుడివైపు పన్ను వెంటనే చెబుతుంది, ఇది చెప్పడం లేదు.

చిగురు డాక్టరు · మే 9, మధ్యాహ్నం 1.40

బాగా గమనించారు. అసలు పంటికి, ఎముకకు మధ్య సన్నని నారల పొర ఉంటుంది, ఆ కబుర్లు చెప్పేది అదే. ఇంప్లాంట్ నేరుగా ఎముకకే అతుక్కుంటుంది కాబట్టి ఆ పొర లేదు. అందుకే రాయి తగిలినా, గట్టిగా కొరికినా ఆలస్యంగా తెలుస్తుంది. చుట్టూ చిగురుకు జబ్బు చేసినా చాలాకాలం నొప్పి పుట్టదు. పుచ్చు పట్టదు కదా అని వదిలేయకుండా ఆ సందులో చిన్న బ్రష్షుతో రోజూ శుభ్రం చేయండి. ఆరు నెలలకోసారి చూపించుకోండి. స్టిక్కరు కార్డు తీసుకున్నారా?

గోదావరి మాస్టారు · మే 9, మధ్యాహ్నం 2.05

తీసుకున్నాను. నేను నా పుస్తకాల బీరువాలో పెడితే, మా ఆవిడ తీసి ఇంటి కాగితాలు, రేషన్ కార్డు ఉన్న ట్రంకు పెట్టెలో పెట్టింది. బీరువాలో పెట్టినవి ఈ ఇంట్లో ఎవరికీ దొరకవట. చక్కిలాల డబ్బా కూడా పై అర నుంచి దించింది. మూత తీసి చూస్తే, జనవరి నాటివి, మెత్తబడిపోయాయి.

తెనాలి పిన్ని · మే 9, మధ్యాహ్నం 2.30

ఎండలో పెట్టండి, కరకరలాడతాయి.